మహేంద్రగిరి నుంచి పుణ్యగిరి దాకా: ఉత్తరాంధ్ర కొండలు ఒక్కరోజులో ఎక్కేవాళ్ళు తెలుసుకోవాల్సినవి

ఈ వారం వీడియోలో మహేంద్రగిరి గురించి చెప్పుకున్నాం కదా. పరశురాముడు, పాండవులు, గోకర్ణేశ్వరుడు, ఇవన్నీ చెప్పేసరికే టైం అయిపోయింది. ఎలా వెళ్ళాలి, ఎంతసేపు పడుతుంది, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా, దారిలో ఏముంటుంది అన్నవి మిగిలిపోయాయి. అవి ఇక్కడ చదువుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒక్కరోజులో ఎక్కి దిగిపోగల మరో మూడు కొండల సంగతి కూడా చివర్లో చెప్తాను.

దారి వివరాల్లోకి వెళ్ళే ముందు ఒక పాఠం చూద్దాం. ట్రెక్కింగ్ గురించి మన పుస్తకాల్లో ఏముంటుందిలే అనుకుంటాం గానీ, మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రా ఘట్టం మొత్తం దాదాపు నడక గురించే.

అర్జునుడు అస్త్రాల కోసం వెళ్ళిపోయాక ధర్మరాజు తీర్థయాత్రకి బయల్దేరతాడు. దారి చూపించడానికి రోమశ మహర్షి వస్తాడు. ఆయన ఇచ్చిన మొదటి సలహా పూజ గురించి కాదు, లగేజీ గురించి. వెంట జనాన్ని, సామాన్లని తగ్గించుకో రాజా, తేలిగ్గా ఉన్నవాడే అనుకున్న చోటికి హాయిగా వెళ్ళగలడు అంటాడు. ధర్మరాజు వెంటనే ఏం చేశాడో చూడండి. ఆకలి, దాహం, నడక అలసట, చలి ఓర్చుకోలేనివాళ్ళు వెనక్కి వెళ్ళిపోండి అన్నాడు. రుచికరమైన వంటలు కావాలనుకునేవాళ్ళని, వంటవాళ్ళ మీదే ఆధారపడి బతికేవాళ్ళని కూడా ఆగిపొమ్మన్నాడు. వాళ్ళని అవమానించలేదు. వాళ్ళ పోషణకి ఏర్పాటు చేసి మరీ పంపించాడు. మన వాట్సాప్ గ్రూపులో "అందరూ రావాల్సిందే" అని పట్టుబట్టే స్నేహితుడికి ఈ ఘట్టం ఒకసారి చదివి వినిపించండి.

ఆ ఘట్టానికి కొంచెం ముందే పులస్త్యుడు భీష్ముడికి చెప్పిన మాట ఒకటుంది. ఎవరి చేతులు, కాళ్ళు, మనసు అదుపులో ఉంటాయో వాళ్ళకే తీర్థఫలం దక్కుతుందని దాని భావం. మనసు సరే, చేతులు కాళ్ళు ఎందుకు చెప్పాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. కొండదారిలో నడిచేటప్పుడు తెలుస్తుంది. కాలు బాట దాటకూడదు. చేయి కొమ్మ విరవకూడదు, రాతి మీద పేరు చెక్కకూడదు, ఖాళీ బాటిల్ పొదలోకి విసరకూడదు. ఇది నిజంగా నడిచినవాళ్ళు చెప్పిన మాట అనిపిస్తుంది.

మహేంద్రగిరి: ఎక్కడ, ఎంత ఎత్తు

ముందు ఒక హెచ్చరిక. ఫోన్ మ్యాప్‌లో మహేంద్రగిరి అని కొడితే తమిళనాడులో తిరునెల్వేలి వైపున్న కొండ కూడా వస్తుంది. ఇస్రో రాకెట్ ఇంజన్లని పరీక్షించే కేంద్రం ఉన్నది అక్కడ. రామాయణంలో హనుమంతుడు లంకకి ఎగిరిన మహేంద్రం ఆ దక్షిణపు కొండే అని చాలామంది నమ్మకం. మనం చెప్పుకుంటున్నది కళింగదేశపు మహేంద్రం. కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు దండయాత్రలో వచ్చేది ఇదే.

ఇది ఒడిశాలోని గజపతి జిల్లాలో, మన శ్రీకాకుళం జిల్లా సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలో ఉంది కదా, మన కొండ ఎలా అవుతుంది అంటారేమో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా పర్లాకిమిడి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇప్పటికీ ఆ ఊరి బజార్లో తెలుగులో బేరం ఆడొచ్చు. మందస, సోంపేట వైపు నుంచి పడమటికి చూస్తే కనిపించే నీలం గోడ ఈ కొండల వరసే.

భారతంలో ధర్మరాజు వైతరణి దాటి, కళింగం మీదుగా ఈ మహేంద్రానికి వచ్చి రాత్రి బస చేస్తాడు. పరశురాముడి శిష్యుడు అకృతవ్రణుడిని "భార్గవుడి దర్శనం ఎప్పుడు" అని అడుగుతాడు. అష్టమి, చతుర్దశి తిథుల్లో తాపసులకి దర్శనం ఇస్తాడు, రేపు చతుర్దశే అంటాడు అకృతవ్రణుడు. మర్నాడు దర్శనం అవుతుంది. ఇవాళ్టికీ ఈ కొండ మీద పెద్ద ఉత్సవం మహాశివరాత్రి. అదీ చతుర్దశే. ఒడిశా నుంచి, మన వైపు నుంచి వేలమంది ఆ రాత్రి కొండ ఎక్కుతారు.

పైన భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అని రాతి ఆలయాలున్నాయి. ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. అరణ్యవాసంలో కుంతీదేవి పాండవుల వెంట లేదు, హస్తినాపురంలో విదురుడి ఇంట్లో ఉండిపోయింది. కాబట్టి ఆ తీర్థయాత్రలో ఆవిడ ఇక్కడికి వచ్చే అవకాశం లేదు. ఆ గుడులు భారతకాలం నాటివీ కావు, తర్వాతి రాజులు కట్టిన శివాలయాలు. పేర్లు జనం ప్రేమతో పెట్టుకున్నవి. మన వైపు ఎక్కడ పెద్ద రాయి కనిపించినా భీముడే పెట్టాడంటాం కదా, అలాగన్నమాట. భీముడి గుడి కట్టిన బండరాళ్ళు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలా చెప్తే భక్తి తగ్గుతుందని కొందరు భయపడతారు. నాకైతే అసలు చరిత్రే ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. తూర్పు గంగరాజులు తమ తామ్రశాసనాల్లో మహేంద్రాచల శిఖరం మీదున్న గోకర్ణస్వామిని తమ కులదైవంగా చెప్పుకున్నారు. వాళ్ళ తొలి రాజధాని కళింగనగరం మన శ్రీముఖలింగమే అని పండితుల అభిప్రాయం. అదే వంశంలో వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడే 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథుడి మహాలయం కట్టడం మొదలుపెట్టాడు. అంటే పూరీ గోపురం కట్టిన వంశం తరతరాలుగా దండం పెట్టిన చోటు ఈ కొండన్నమాట. 11వ శతాబ్దపు చోళుల విజయశాసనం కూడా పైనున్న గుడిలో ఉంది, పులి, రెండు చేపల గుర్తుతో.

దారి ఎలా ఉంటుంది

రెండు వైపుల నుంచి వెళ్తారు. పర్లాకిమిడి, కొయిన్‌పూర్ మీదుగా వెళ్తే చాలా ఎత్తు వరకు వాహనం వెళ్తుంది, మిగతాది నడక. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి ఇదే సరైన దారి. రైల్లో వచ్చేవాళ్ళు పలాసలో దిగొచ్చు. రెండోది మందస వైపు నుంచి కాలిబాటన ఎక్కడం. అది అడవిలో బాగా పొడవైన ఎక్కుడు. శివరాత్రికి ఏళ్ళ తరబడి వెళ్ళే ఊరివాళ్ళకి ఆ బాట తెలుసు. స్థానికుడు తోడు లేకుండా ఆ దారిన వెళ్ళొద్దు. నెట్‌లో ఎవరో పెట్టిన గీత పట్టుకుని వెళ్తే జీడితోటల్లో పశువుల బాటలు పది చీలిపోతాయి, అన్నీ ఒకేలా ఉంటాయి.

కింద జీడితోటలు, పనస చెట్లు. కాస్త ఎక్కాక పోడు చేసిన వాలులు, కొండ చీపుర్ల గడ్డి, అడ్డాకు తీగలు. ఇంకా పైకి వెళ్తే గాలి మారిపోతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, బారువ తీరంలో ఇరవై ఆరు డిగ్రీలున్న ఉదయం శిఖరం మీద పదిహేడు పద్దెనిమిది ఉండొచ్చు, గాలి వేస్తే ఇంకా చల్లగా అనిపిస్తుంది. శిఖరం దగ్గర చెట్లు తక్కువ, గడ్డిమైదానం ఎక్కువ. ఆకాశం తేటగా ఉంటే తూర్పున బంగాళాఖాతం కనిపిస్తుంది. కర్ణుడి కథ గుర్తొచ్చేది అక్కడే.

కర్ణుడు అబద్ధం చెప్పి పరశురాముడి దగ్గర విద్య నేర్చుకున్నది ఈ మహేంద్రం మీదే. తొడని పురుగు తొలిచిన కథ అందరికీ తెలుసు. దానికి ముందు జరిగింది మాత్రం తక్కువమంది చెప్తారు. శాంతిపర్వంలో ఉంది. ఆశ్రమం దగ్గర్లో సముద్రపు ఒడ్డున కర్ణుడు విల్లు పట్టుకుని ఒంటరిగా తిరుగుతూ, చూసుకోకుండా ఒక బ్రాహ్మణుడి హోమధేనువుని చంపేస్తాడు. కావాలని చేసింది కాదు. ఆవులిస్తాను, ధనమిస్తాను, క్షమించండి అని బతిమాలుతాడు. ఆ బ్రాహ్మణుడు వినడు. యుద్ధంలో నీ రథచక్రం భూమిలో దిగబడుతుంది అని శపిస్తాడు. కురుక్షేత్రంలో చక్రం దిగబడడానికి మూలం ఇక్కడ, ఎవరి ఆవో ఏంటో చూసుకోకుండా బాణం వేసిన ఒక్క క్షణంలో ఉంది. పరాయివాళ్ళ ఊళ్ళో, పరాయివాళ్ళ అడవిలో తిరిగేటప్పుడు "నాకు తెలియదు" అన్నది పనికొచ్చే జవాబు కాదు. డిసెంబరు, జనవరిలో ఎండుగడ్డి మధ్య మంట వేసి నూడుల్స్ వండుకునే బ్యాచ్‌లకి ఈ కథ వర్తిస్తుంది. ఆ గడ్డి ఒక ఇంటివాళ్ళకి చీపుర్ల ఆదాయం.

టైం లెక్క

1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. నడిచే ప్రతి ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అంటే రానూపోనూ పది కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉంటే మూడు గంటలు. అది స్కాట్లండ్ చలిలో, అలవాటున్న కాళ్ళకి. మన ఉక్కపోతలో, ఆఫీసు కుర్చీ కాళ్ళకి, ఫోటోలతో సహా ఐదు గంటలు వేసుకోండి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు మర్చిపోయేది ఇంకోటుంది. శ్రీకాకుళం హైదరాబాద్‌కి బాగా తూర్పున ఉంది. ఇక్కడ పొద్దు సుమారు ఇరవై నిమిషాలు ముందే గుంకుతుంది. నవంబరు చివర్లో సాయంత్రం 5:20 ప్రాంతంలో సూర్యాస్తమయం. లోయలో, చెట్ల కింద అయితే ఐదింటికే చీకటి. అందుకని నా నియమం ఒకటే. తెల్లవారగానే మొదలుపెట్టాలి, మధ్యాహ్నం ఒంటిగంటకి శిఖరం ఇంకా అరగంట దూరమే ఉన్నా సరే వెనక్కి తిరగాలి. గుడి కనిపిస్తూ ఉంటుంది, మనసు ఒప్పుకోదు. అక్కడి నుంచే దండం పెట్టుకుని దిగండి. శిఖరదర్శనం చేసుకుంటే చాలని మన పెద్దలే శ్రీశైలం విషయంలో చెప్పారు కదా.

గుంపులో వేగం ఎవరిది? అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళది. దీనికీ అరణ్యపర్వంలోనే ఉదాహరణ ఉంది. గంధమాదనం ఎక్కేటప్పుడు గాలివాన వస్తుంది, అది వెలిశాక ద్రౌపది నడవలేక కుప్పకూలిపోతుంది. నకులుడు పట్టుకుంటాడు, అందరూ ఆగిపోతారు, కాళ్ళు ఒత్తుతారు. భీముడు ఘటోత్కచుడిని పిలిస్తే వచ్చి మోసుకెళ్తాడు. మనకి ఘటోత్కచుడు లేడు. కాబట్టి ఒకరు ముందు, దారి తెలిసిన ఇంకొకరు అందరికంటే వెనక ఉండాలి. ఫోన్ సిగ్నల్ కొండమీద చాలాచోట్ల ఉండదు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో కింద ఎవరికైనా చెప్పి వెళ్ళండి. 108, 112 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తాయి, కానీ అంబులెన్సు రోడ్డు వరకే వస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు నెల మధ్య నుంచి ఫిబ్రవరి వరకు. అక్టోబరు అందంగా ఉంటుంది, కొండలన్నీ పచ్చగా, జలపాతాలు నిండుగా. కానీ అది మన తీరానికి తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని కొట్టాయి. తిత్లీ వానకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఊరివాళ్ళు చనిపోయారు. వాతావరణశాఖ అల్పపీడనం అని చెప్పిందంటే ఆ వారం కొండ ప్లాన్ మానుకోండి, టికెట్ డబ్బులు పోతే పోయాయి.

వర్షాకాలంలో వెళ్ళేవాళ్ళు "గెడ్డ" అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ కొండవాగుని గెడ్డ అంటారు. పొద్దున్న చీలమండలోతు ఉన్న గెడ్డ, పైన ఎక్కడో వాన పడితే మధ్యాహ్నానికి నడుం దాటుతుంది. మీరున్న చోట ఎండ కాస్తున్నా సరే. నీళ్ళు పెరిగితే దాటొద్దు, ఆగండి. అవి ఎంత తొందరగా పెరుగుతాయో చాలాసార్లు అంతే తొందరగా తగ్గుతాయి. పాండవులు గాలివానలో చెట్లని పట్టుకున్నారు, మనం మాత్రం ఉరుములప్పుడు చెట్టు కిందకి, బోడి శిఖరం మీదకి వెళ్ళకూడదు. పిడుగుల హెచ్చరికకి పుణె వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన దామిని యాప్ ఉంది, కింద సిగ్నల్ ఉన్నప్పుడే చూసుకోండి.

ఒంటికి, జంతువులకి సంబంధించినవి

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఊట నీళ్ళు అమృతంలా కనిపిస్తాయి, తాగొద్దు. తిండికి అటుకులు, బెల్లం, వేరుశెనగ, కొబ్బరి చాలు. కింద ఊళ్ళో చోడి అంబలి దొరికితే పొద్దున్నే ఒక గ్లాసు తాగండి (రాగుల్ని ఇక్కడ చోళ్ళు అంటారు). మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. మందస కోవా మాత్రం దిగాకే. మోకాళ్ళు నొప్పులని ముందే పెయిన్‌కిల్లర్ వేసుకునే అలవాటు కొందరికి ఉంటుంది. నీళ్ళు తగ్గిన ఒంట్లో ఆ బిళ్ళలు కిడ్నీల మీద పడతాయి. ఉద్దానం పక్క నుంచి వెళ్తున్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని ఖాళీ చేసిందో ఆ ఊళ్ళలో ఎవరిని అడిగినా చెప్తారు.

ఉపవాసం ఉండి ఎక్కొచ్చా అని అడుగుతుంటారు. మెట్లున్న చిన్న కొండకి, పండ్లు నీళ్ళు తీసుకుంటూ ఫరవాలేదు. అడవి దారికి, అదీ నీళ్ళు కూడా ముట్టని ఉపవాసంతో వద్దు. షుగర్ ఉన్నవాళ్ళు అసలు వద్దు. చెప్పుల్లేకుండా ఎక్కే మొక్కు కూడా మెట్లదారికే ఉంచుకోండి. కాలిబాటలో బూటు వేసుకుని, గుడి దగ్గర విప్పండి.

ఏనుగుల గురించి తేలిగ్గా తీసుకోవద్దు. 2007 నుంచీ ఒడిశా అడవుల నుంచి గుంపులు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు వస్తున్నాయి. పంటలు పోయాయి, మనుషులు పోయారు, ఏనుగులూ పోయాయి. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. వినాయకుడి రూపం కదా అని దగ్గరికెళ్ళి దండం పెట్టే ప్రయత్నం చేయకండి. బయల్దేరే ముందు అటవీశాఖవాళ్ళని, ఊరివాళ్ళని "ఏనుగులు ఎటున్నాయి" అని అడగండి. ఉన్నాయంటే ఆ రోజుకి యాత్ర లేదు. ఉద్దానం, మందస వైపు ఎలుగుబంట్లు జీడిపండ్లు, పనసపండ్ల వాసనకి తోటల్లోకి వస్తాయి. తెల్లవారుజామున, సందెవేళ ఒంటరిగా నడవొద్దు. మాట్లాడుకుంటూ నడవండి, మనుషుల అలికిడి వింటే అవి సాధారణంగా తప్పుకుంటాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

దోమలు చిన్నవే కానీ ఏజెన్సీ మలేరియా చిన్నది కాదు. నిండు చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి "కొండ ప్రాంతానికి వెళ్ళొచ్చాను" అని మీరే చెప్పాలి. లేకపోతే సిటీలో ఎవరికీ మలేరియా తట్టదు.

ఇది ఎవరి కొండ

మలేరియా అంటే గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజు, 1863 ఆగస్టు 29. వాడుకభాష కోసం పోరాడారని బళ్ళో చదువుకున్నాం. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఈ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారని తక్కువమందికి తెలుసు. ఆ తిరుగుళ్ళలో వచ్చిన జ్వరాలకి క్వినైన్ వాడీ వాడీ ఆయన వినికిడి పోయిందని చెబుతారు. ఆయన ఈ కొండలకి వ్యూ కోసం వెళ్ళలేదు, అక్కడి మనుషుల మాట వినడానికి వెళ్ళారు.

మనం దారిలో కలిసేది ఆ సవరలనే, కొన్నిచోట్ల కోదుల్ని. వాళ్ళ ఊరు మన ట్రెక్‌లో "స్టార్టింగ్ పాయింట్" కాదు. ఇంటి గోడ మీద బొమ్మలు కనిపిస్తే అడక్కుండా ఫోటో తీయొద్దు. సవరల గోడ బొమ్మలు ఇంటివాళ్ళు తమ దేవతలకి, పెద్దలకి సమర్పించుకునేవి. మన పూజగదిలోకి ఎవరో కెమెరాతో వచ్చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. పిల్లలకి చాక్లెట్లు పంచి వీడియో తీయడం కూడా మానేద్దాం. దారి చూపించిన మనిషికి రోజుకూలి అడిగి, తగ్గించకుండా ఇవ్వండి. సంత రోజైతే పసుపు, చీపుర్లు, అనాసపండ్లు కొనండి.

ఇక చెత్త సంగతి. ఈ కొండల్లో పుట్టిన నదికి మహేంద్రతనయ అని పేరు. మహేంద్రుడి కూతురు. అది పల్లెల మీదుగా పారి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ కోటిలింగేశ్వరుడి గుడి ఉంది, ఆ తీరంలోని ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పైన అభిషేకం చేసి వదిలేసిన పాల ప్యాకెట్ ఎక్కడికి వెళ్తుందో ఈ దారి చూస్తే తెలుస్తుంది. శివరాత్రి మర్నాడు కొండ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అగర్బత్తి డబ్బా, కర్పూరం కవరు, బిస్కెట్ రేపర్, అన్నీ వెనక్కి తేవాలి. పూజకి పాలు కావాలంటే స్టీలు సీసాలో తీసుకెళ్ళండి. 2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది, కాబట్టి మొక్కలు పీకి ఔషధమని ఇంటికి తేవడం కూడా కుదరదు.

మిగతా మూడు కొండలు

రామతీర్థం విజయనగరం నుంచి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు, నెల్లిమర్ల మండలం. కింద పెద్ద రామాలయం, పైన బోడికొండ మీద కోదండరాముడు. 2020 డిసెంబరులో పైనున్న విగ్రహం ధ్వంసమైన దుర్ఘటన తర్వాత ఆలయాన్ని కొత్తగా కట్టి 2022లో ప్రతిష్ఠ చేశారు, అందుకే కొత్తగా కనిపిస్తుంది. బోడికొండ పేరుకి తగ్గట్టే నీడ తక్కువ. పదింటికల్లా రాయి కాలిపోతుంది, కాబట్టి సుప్రభాత సమయానికే మెట్టు ఎక్కాలి. పక్కనే గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల ఇటుక గోడలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు ఉన్నాయి. మూడు మతాల తపస్సు పక్కపక్క కొండల మీద జరిగిన చోటు ఇది. గురుభక్తులకొండకి జనం తక్కువగా వెళ్తారు, ముగ్గురైనా కలిసి వెళ్ళండి.

శాలిహుండం గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉంది. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా గిడుగు వారే. చిన్న కొండ, అమ్మమ్మలు కూడా నిదానంగా ఎక్కగలరు. పైన బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. ఒకదాని పునాదిలో ఇటుకలని స్వస్తిక ఆకారంలో పేర్చారు. తవ్వకాల్లో తార, మారీచి విగ్రహాలు దొరికాయి. పైనుంచి వంశధార సముద్రం వైపు సాగిపోవడం చూడొచ్చు. స్తూపం మీద కూర్చుని ఫోటో దిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, మన బ్యాచ్‌లో మాత్రం ఉండకూడదు.

పుణ్యగిరి శృంగవరపుకోటకి దగ్గర. విశాఖ నుంచి ఎస్.కోటకి బస్సులున్నాయి, కిరండూల్ లైన్లో రైల్వే స్టేషనూ ఉంది. పైన ఉమాకోటిలింగేశ్వరస్వామి, ఇంకా పైన ధారగంగమ్మ జలపాతం. ఈ ప్రాంతాన్ని విరాటరాజ్యంతో, పాండవుల అజ్ఞాతవాసంతో ముడిపెట్టి స్థానికులు చెప్పుకుంటారు. నీళ్ళు ఏడాదిలో చాలాకాలం పారుతుంటాయి కాబట్టి రాళ్ళ మీద పాకుడు ఉంటుంది. జారి పడేవాళ్ళలో ఎక్కువమంది పైకి ఎక్కేటప్పుడు కాదు, స్నానం చేసి తడికాళ్ళతో దిగేటప్పుడు పడతారు. తువ్వాలుతో అరికాళ్ళు తుడుచుకుని, చెప్పులు వేసుకుని దిగండి.

మొదటిసారి కొండ ఎక్కేవాళ్ళు శాలిహుండంతో కాళ్ళకి అలవాటు చేసుకోండి. తర్వాత రామతీర్థం, పుణ్యగిరి. ఆ మూడూ మోకాళ్ళు పట్టేయకుండా అయ్యాక మహేంద్రగిరి. మహేంద్రానికి మొదటిసారి మాత్రం శివరాత్రికి వెళ్ళకండి. చీకట్లో, జనంలో, తెలియని దారిలో ఎక్కాలి. డిసెంబరులో ఒక మామూలు రోజు చూసుకుని వెళ్ళండి, వీలైతే చతుర్దశి పడేలా చూసుకోండి. ఆ రోజు గుడి దగ్గర మీరు, మీ స్నేహితులు, గాలి తప్ప ఇంకెవరూ ఉండకపోవచ్చు. పూజారి ఉంటాడన్న నమ్మకం లేదు కాబట్టి దీపానికి ఒత్తులు, నూనె మీరే తీసుకెళ్ళండి. దీపం కొండెక్కేదాకా అక్కడే కూర్చోండి. చుట్టూ ఉన్నది ఎండుగడ్డి, వెలుగుతున్న దీపం వదిలేసి రాకూడదు.